గిన్నెలో పోసిన తిండి, వెతుక్కుని తిన్న తిండి

పోయిన ఆదివారం మన నెల మీటింగు అయ్యాక కాఫీ దగ్గర నడిచిన మాటల గురించి ఇది రాస్తున్నాను. కాస్త పొడుగైంది. తీరిక చూసుకుని చదవండి.

ఆ రోజు నా ఫోన్లో మా బ్రూనో ఫొటో చూసి ఒక పెద్దాయన, "ఏంటయ్యా దాని కాళ్ల మధ్య ఆ ఎర్ర రబ్బరు బుర్ర?" అని అడిగారు. లోపల తిండి కూరి ఇచ్చే బొమ్మ అనీ, కుక్క దాన్ని దొర్లించి, నాకి, కొరికి కొంచెం కొంచెంగా తింటుందనీ చెప్పాను. ఎంత పెట్టి కొన్నావన్నారు. పదమూడు వందలన్నాను. ఇంక చూసుకోండి, అందరూ ఒకటే నవ్వు. "గిన్నెలో పెడితే కుక్క తినదా? దానికి భోజనంలో ఆట కూడానా?" అన్నారు. నేనూ నవ్వేశాను.

ఒక పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "ఆకలిగా ఉన్న మూగజీవిని ఊరించి ఊరించి పెడతారా? పాపం కదా అబ్బాయ్" అంది. నవ్వినవాళ్లకు జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. పెద్దమ్మ అడిగినదానికి మాత్రం చెప్పాలి. అప్పటికప్పుడు నోట మాట రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

బ్రూనో ల్యాబ్రడార్. మా అమ్మాయి ముచ్చటపడి తెచ్చుకుంది. రెండేళ్ల కింద పైచదువుకని తను జర్మనీ వెళ్లింది, కుక్క మాకు మిగిలింది. మన సంఘంలో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పిల్లలు బెంగళూరుకో అమెరికాకో పోతారు, వాళ్లు పెంచుకున్న కుక్క అమ్మానాన్నల దగ్గర, తాతా అవ్వల దగ్గర ఉండిపోతుంది. మా ఇంట్లో నేను మిల్లు ఆఫీసుకు, నా భార్య బడికి పోతాం. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం దాకా కోయంబత్తూరులో మూడో అంతస్తు ఫ్లాటులో ఉండేది ఇద్దరే, డెబ్బై తొమ్మిదేళ్ల మా నాయన, బ్రూనో. అమ్మ పోయి మూడేళ్లయింది.

మేం పొద్దున వెళ్లే ముందు గిన్నె నిండా తిండి పోసేవాళ్లం. ఒకరోజు గడియారం పెట్టి చూశాను. నలభై సెకన్లలో గిన్నె ఖాళీ! తిన్నాక గిన్నెను వంటింటి మూల దాకా నెట్టుకుంటూ పోయి ఇంకోసారి నాకుతాడు. ఆ తరవాత సాయంత్రం దాకా వాడికి చేయడానికి పనేమీ లేదు. లిఫ్టు చప్పుడైతే అరుపు, కొరియరు కుర్రాడొస్తే అరుపు, ఎదురింటి గాజుల గలగలకూ అరుపే. సోఫా కాలు కొరికాడు. టీవీ రిమోటు పోయింది. నాయన చెప్పుల్లో రెండు జతలు పోయాయి.

కింది ఇంట్లో నైటు డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లున్నారు. వాళ్లు ఫిర్యాదు రాశారు. తప్పు వాళ్లది కాదు. ఫ్లాట్ల మీటింగులో ఒకరు, "ఊళ్లో మీకు తోట ఉంది కదా, అక్కడ వదిలేయండి" అని సలహా ఇచ్చారు. పెంపుడు కుక్కను పెట్టుకోవద్దని నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని, మెజారిటీ ఓటు వేసినా చెల్లదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. కాగితం మీద గెలవొచ్చు. కానీ చట్టం మన వైపు ఉన్నంత మాత్రాన కింది ఇంటివాళ్లకు నిద్ర పట్టదు కదా. నిజం చెప్పాలంటే నేనూ సగం మనసుతో తోటకు పంపేద్దామనే అనుకున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తాను. నాయన తల ఎత్తకుండానే, "వాడు పోతే పగలు నేనెవరితో మాట్లాడేది?" అని కంచంలో చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లిపోయారు. అంతే. ఆ ఒక్క మాటతో నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఎంత తిండి పెడుతున్నారని తరవాత అడిగారు. ముందు అడిగింది, "తినడానికి ఎంతసేపు పడుతోంది?" అని. నలభై సెకన్లంటే, "మరి మిగిలిన ఇరవై మూడు గంటల యాభై తొమ్మిది నిమిషాలూ వాడికేం పని?" అన్నారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది.

ఆయన చెప్పింది, తరవాత నేను చదివి తెలుసుకున్నది కలిపి రాస్తాను. ల్యాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో జాలర్లతో పనిచేసిన కుక్కలు. చన్నీళ్లలో దూకి వలలు, చేపలు ఒడ్డుకు చేర్చిన జాతి. ఆ తరవాత వేటలో కూలిన పక్షులను నోట కరిచి తెచ్చే పని వాటిది. పైగా 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో సంగతి కనిపెట్టారు. వాళ్లు చూసిన ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కల్లో ఒక జన్యువులో లోపం ఉందట. అవి మిగతావాటికంటే బరువెక్కువ, తిండి మీద యావ ఎక్కువ. అంటే "ఎంత పెట్టినా చాలదు వీడికి" అని మనం తిట్టే కుక్క వట్టి తిండిపోతు కాకపోవచ్చు, దాని పుట్టుకే అలాంటిది కావచ్చు. అలాంటి కుక్కను మూడో అంతస్తులో పెట్టి, నలభై సెకన్ల భోజనం పెట్టి, రోజంతా నోరు మూసుకుని పడుకోమంటున్నాం.

"మా కాలంలో కుక్కలకు బొమ్మలున్నాయా?" అన్నారు కదా ఆ రోజు. లేవు. మా తాత కాలం చెబుతాను. మా ఊరు రాజపాళయానికి దగ్గర. కొండ కింద మామిడి తోపు, ఆ తోపులో తెల్లటి రాజపాళయం కుక్క. ఆ జాతి గురించి మన సభ్యులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తరాల కింద తెలుగునేల నుంచి వచ్చి అక్కడ స్థిరపడి, ఈ రోజుకీ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రాజుల ఊరి పేరే దాని పేరు. 2005 జనవరిలో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద నాలుగు స్టాంపులు వేస్తే అందులో ఒకటి దీనిది. పక్కనున్న కర్ణాటకలోని ముధోల్ కుక్కది ఇంకొకటి. మా తాత కుక్కకు సాయంత్రం రాతి తొట్లో సజ్జ సంగటి, మజ్జిగ. అదీ నిమిషంలోనే తినేసేది. కానీ తిండి నిమిషమైతే పని రోజంతా. తోపు చుట్టూ తిరగాలి, అడవి పందులను తరమాలి, ఎలుకల బొరియలు తవ్వాలి, కొత్తగా ఎవరొచ్చినా వాసన పట్టాలి. రాత్రికి అలిసిపోయి తాత మంచం కింద పడుకునేది. వీధి కుక్కా అంతే. దానికి బొమ్మ అక్కర్లేదు, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి తిండి వెతుక్కోవడమే దాని పని. పని లేనిది ఒక్క ఫ్లాటు కుక్కకే.

డాక్టరు చెప్పాక కొన్న బొమ్మే ఆ ఎర్ర రబ్బరుది. కాంగ్ అంటారు. మూడు ఉండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది, లోపల డొల్ల. దీని కథ బాగుంటుంది. 1970ల్లో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకునేది. ఆయన ఒకరోజు పాత వోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేస్తుంటే కుక్క రాళ్లు వదిలి, బండి విడిభాగాల్లోని ఒక రబ్బరు ముక్క పట్టుకుని వదల్లేదు. ఆ ముక్క ఆకారమే ఈ బొమ్మకు మూలం. ఇంకో రకం స్వీడన్‌లో పుట్టింది. నీనా ఒట్టోసన్ అనే ఆవిడ తన కుక్కల కోసం చెక్కతో చేసిన పజిళ్లు. మూత జరిపితే ఒక గుంట, చక్రం తిప్పితే ఇంకో గుంట, వాటిలో తిండి పలుకులు. ఇవి కాక, నెమ్మదిగా తినేలా లోపల గట్లు కట్టిన గిన్నెలు, నాకే చాపలు, ముక్కుతో గాలించి వెతుక్కునే గుడ్డపీలికల చాపలు అన్నీ దొరుకుతున్నాయి.

పదమూడు వందలంటే నవ్వారు గనుక డబ్బు సంగతి కూడా. మొదటి బొమ్మ తప్ప నేను మళ్లీ ఏమీ కొనలేదు. ఇంట్లో ఉన్నవే చాలు. పాత తువాలులో తిండి పలుకులు చల్లి చుట్టి ఇస్తే విప్పుకుని తినడానికి పది నిమిషాలు. చిల్లుల్లేని ఇడ్లీ రేకు గుంటల్లో కొంచెం కొంచెం తడి అన్నం మెత్తితే నాలుగు నిమిషాలు. అన్నిటికంటే గొప్పది మన గుంతపొంగణాల పెనం, ఇక్కడివాళ్లు పణియారం చట్టి అనేది. ఇనుప పెనం బరువుగా ఉంటుంది, బోర్లించలేడు. గుంట గుంటకూ నాలుక పెట్టాల్సిందే. అమ్మ వాడిన పెనం అటక మీద ఉంటే దించాం. విదేశాల్లో కేకుల అచ్చుతో చేసేదాన్ని మన అవ్వలు ఎప్పుడో ఇనుముతో పోతపోయించి పెట్టారు!

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్న. ఆకలిగా ఉన్నదాన్ని ఊరించడం పాపం కాదా?

1963లో గ్లెన్ జెన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల మీద ఒక పరీక్ష చేశాడు. పక్కనే పళ్లెంలో తిండి ఊరికే దొరుకుతోంది. మీట నొక్కితే కూడా అదే తిండి వస్తుంది. పళ్లెం నిండుగా ఉన్నా చాలా ఎలుకలు మీట దగ్గరికి పోయి నొక్కి మరీ తిన్నాయి. తరవాత పావురాలు, కోళ్లు, కోతుల్లోనూ ఇలాంటిది కనిపించింది. పిల్లులు మాత్రం ఊరికే వచ్చేదే మేలన్నాయట, పిల్లిని పెంచేవాళ్లకు ఇది వింతేమీ కాదు. కుక్కల సంగతి చెప్పేటప్పుడు నేను ఎక్కువ చేసి చెప్పకూడదు. మామూలు పళ్లెమూ వెతుక్కునే చాపా పక్కపక్కనే పెట్టి చూసిన ఒక పరిశోధన 2024లో వచ్చింది. కుక్కలు వెతుక్కుని తినడానికి సిద్ధపడ్డాయి గానీ, అదే కావాలని పట్టుబట్టలేదు. అంటే కుక్క "నాకు పని ఇవ్వు" అని అడుగుతుందని నేననను. పని ఇస్తే కాదనదు. పని అయ్యాక నిమ్మళంగా పడుకుంటుంది. మా ఇంట్లో నేను చూసింది ఇదే.

కాబట్టి పెద్దమ్మా, నీ మాటలో సగం నిజం ఉంది. బాగా ఆకలి మీద ఉన్న కుక్కకు గట్టిగా గడ్డకట్టిన బొమ్మ ఇచ్చి చోద్యం చూస్తే అది పాపమే. అది చికాకుపడుతుంది, వదిలేస్తుంది, లేదా బొమ్మనే కొరికేస్తుంది. మొదటి వారం తిండి వదులుగా పోయాలి, దొర్లిస్తే చాలు రాలిపడేలా. అలవాటయ్యాక కొంచెం బిగించాలి. ఆ తరవాతే ఫ్రీజరు. సాయంత్రం తిండి ఇప్పటికీ గిన్నెలోనే పెడతాం. రోజంతా పరీక్ష పెట్టడం మా ఉద్దేశం కాదు.

ఆబగా తినడం వల్ల ఆరోగ్యానికీ ముప్పుంది. ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఎక్కువ. ఒక్కసారే బోలెడు తినడం, గబగబా మింగడం ఆ ముప్పును పెంచుతాయి. మెలిపడితే గంటల్లో ఆపరేషను చేయాలి, లేకపోతే ప్రాణం దక్కదు. నెమ్మదిగా తినిపించడం మర్యాద నేర్పడానికే అనుకోకండి.

చేయాలనుకునేవాళ్లకు నాలుగు జాగ్రత్తలు. బొమ్మలో పెట్టే తిండి రోజు తిండిలోంచే తీయాలి, అదనంగా పెడితే ఆరు నెలల్లో కుక్క పీపా అవుతుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. కేసరిలో, పొంగలిలో కిస్‌మిస్ ఉంటుందని మరిచిపోకండి. వేరుశనగ వెన్న పూస్తే అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని డబ్బా మీద చూసుకోవాలి, అది కుక్క ప్రాణం తీస్తుంది. డొల్ల బొమ్మకు రెండు వైపులా రంధ్రం ఉండాలి. ఒకే రంధ్రమైతే గాలి ఆడక నాలుక లోపల ఇరుక్కుపోవచ్చు. కొబ్బరి చిప్ప, ప్లాస్టిక్ సీసా లాంటివి కొరికితే ముక్కలై గొంతులో పడతాయి, అవి వద్దు. ఇంట్లో రెండు కుక్కలుంటే వేరువేరు గదుల్లో ఇవ్వండి. తింటుండగా పిల్లల చేత లాగించొద్దు. రబ్బరు బొమ్మను రోజూ సీసాలు కడిగే బ్రష్షుతో లోపల కడగాలి. మన ఎండలకు పెరుగు ఒక్క పూటకే పులిసి వాసన కొడుతుంది.

ఇక అసలు సంగతి. మొదటి పదిరోజులూ బొమ్మ నింపింది నేనే. ఆఫీసు తొందరలో ఒకరోజు మరిచిపోయాను. మధ్యాహ్నం ఫోను చేస్తే నాయన, "నేను చేసిచ్చాన్లే" అన్నారు. ఏం పెట్టారంటే, ఉప్పు వేయని పెరుగన్నంలో ఉడికిన క్యారెట్ తురిమి కలిపారట. ఆ రోజు నుంచి అది ఆయన పనైంది. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి వంటింట్లో ఆయన రాజ్యం. మర్నాటి బొమ్మ నింపి ఫ్రీజర్లో పెట్టాకే పడక. సోమవారం రాగి సంగటి, మంగళవారం గుమ్మడికాయ, శుక్రవారం గుడ్డు. పొద్దున పదింటికి బొమ్మ ఇవ్వడం, ఇరవై ఐదు నిమిషాలు పక్కనే కుర్చీ వేసుకుని చూడటం. "ఏరా, ఆ మూల ఇంకా ఉంది చూడు" అని వాడికి చెప్పడం. బొమ్మ సోఫా కిందికి దొర్లితే కర్రతో తీసివ్వడం. తరవాత ఇద్దరూ ఒక కునుకు.

అరుపులు పూర్తిగా పోలేదు. బాగా తగ్గాయి. కింది ఇంటావిడ లిఫ్టులో కనబడి నవ్వింది, అది చాలు నాకు. తోట మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కానీ నాకు తగిలిన దెబ్బ వేరే ఉంది. అమ్మ పోయినప్పటి నుంచి మేం నాయనను చాలా బాగా చూసుకుంటున్నామనే అనుకున్నాం. కాఫీ చేతికి, అన్నం కంచంలోకి, మందులు డబ్బాలో, పేపరు ఒళ్లోకి. "మీరు లేవకండి, మేం చూసుకుంటాం" అనేవాళ్లం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మనవాళ్లు డబ్బు గురించి అన్నారు. మనిషి కూడా కరుగుతాడని ఆయన్ను చూశాకే తెలిసింది. మూడేళ్లలో ఆయన వంటింటి గడప దాటింది మంచినీళ్ల కోసమే. నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషికి రోజులో ఒక్క పని మిగల్చలేదు మేము. పెద్దవాళ్లను కుక్కతో పోల్చానని కోప్పడకండి. పోల్చడం లేదు. ఇద్దరికీ నేను ఒకే తప్పు చేశానంటున్నాను, అంతే.

ఒక హెచ్చరిక కూడా. బొమ్మ తోడు కాదు. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఐదు బొమ్మలు పడేసి కుక్కను పది గంటలు తాళం వేసి పోతున్నారు, అయినా అరుస్తోందని బొమ్మను తిడుతున్నారు. పొద్దునా సాయంత్రం నడక లేకుండా, మనిషి మాట లేకుండా ఏ రబ్బరు ముక్కా పని చేయదు. మా ఇంట్లో పనిచేసింది రబ్బరు కాదు, పక్కనున్న కుర్చీ.

కాబట్టి సంఘానికి నావి రెండు మనవులు. పిల్లలు వదిలిపోయిన కుక్కలతో ఉన్న పెద్దవాళ్ల ఇళ్లు మన సభ్యుల్లోనే ఉన్నాయి. కుక్కను ఎక్కడైనా వదిలేయండని వాళ్లకు ఎవరూ సలహా ఇవ్వొద్దు. వచ్చే నెల మీటింగులో ఒక గంట పశువుల డాక్టరును పిలుద్దాం. నాయన పణియారం చట్టి తెచ్చి చేసి చూపిస్తానంటున్నారు.

రెండోది. ప్రతి ఉగాదికీ పెద్దలను వేదిక ఎక్కించి, శాలువా కప్పి, కుర్చీలో కూర్చోబెట్టి, ప్లేటు చేతికి అందిస్తున్నాం. మంచిదే. ఈసారి శాలువాతో పాటు ఒక పని కూడా ఇద్దాం. మన పిల్లలకు ఇంట్లో తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆదివారం గంటసేపు అక్షరాలు దిద్దించడానికి మనకున్న పెద్దలు చాలరా? అడిగితే కాదంటారని ముందే అనుకోకండి. మా నాయన కూడా కాదంటారనే నేను మూడేళ్లు అడగలేదు.

అన్నట్టు పెద్దమ్మా, ఒకరోజు పదింటికి మా ఇంటికి రా. నాయన పక్కన ఇంకో కుర్చీ వేస్తాను. చూశాక కూడా పాపమే అంటే ఒప్పుకుంటాను.